నందిగామ దాకా టికెట్

రెండు రోజులు ఊరెళ్ళడానికి నేను నాలుగు రోజుల నుంచి వండుతున్నాను. గోంగూర పచ్చడి నూరి జాడీకెత్తాను. కందిపొడి, చారుపొడి కొట్టాను. దోసెల పిండి రెండు గిన్నెల్లో పెట్టి, ఏది ముందు వాడాలో అత్తయ్యకి మూడుసార్లు చెప్పాను. షాపులో పనిచేసే నలుగురికీ మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే కాబట్టి వాళ్ళకి వేరే పులుసు కాచి దించాను. యాభయ్యో పుట్టినరోజుకి ఒక్కదాన్నే హైదరాబాద్ వెళ్ళి నాటకం చూసొస్తానని అడిగిన మనిషి, ఆ రెండు రోజుల పనీ ముందే చేసి తీర్చేస్తోంది. ఇంక దాన్ని సెలవని ఎలా అంటారో నాకర్థం కాలేదు.

క్రితం ఏడాది మా ఆయన బాలసుబ్రహ్మణ్యానికి షష్టిపూర్తి చేశాం. మా జగ్గయ్యపేటలో ఉన్న వర్తకులంతా వచ్చారు. నాకు పట్టుచీర కట్టి, ఆయన పక్కన పీటల మీద కూర్చోబెట్టి, మళ్ళీ తాళి కట్టించారు. ఆడవాళ్ళకి ఇలాంటిదేమీ ఉండదా అని పురోహితుణ్ణి అడిగాను. ఇది మీక్కూడానమ్మా, పక్కన ఉన్నది మీరే కదా అన్నాడాయన. అవును, పక్కన ఉన్నది నేనే. ఆ మాట చాలా రోజులు వంటింట్లో నా వెంట తిరిగింది.

నాటకాల పిచ్చి నాకు మా నాన్న అంటించాడు. నందిగామలో పరిషత్తు పోటీలు జరిగినన్ని రోజులూ నన్ను తీసుకెళ్ళేవాడు. ఆడవాళ్ళు పక్కకి, తాడు కట్టిన వైపు కూర్చోవాలి. అక్కణ్ణుంచి స్టేజీ సగమే కనిపించేది. పాత్రలు అవతలి వైపుకి వెళితే మాటలు వినబడేవి, మొహాలు కనబడేవి కావు. ఎప్పటికైనా ఎదురుగా కూర్చుని ఒక నాటకం మొత్తం చూడాలనుకునేదాన్ని. పెళ్ళయి ముప్ఫై రెండేళ్ళయింది. పేటలో మాది కిరాణా హోల్‌సేల్ షాపు, దాని వెనకే ఇల్లు. చింతపండు గింజ తీయడం, అరకిలో పొట్లాలు కట్టడం, మిరపకాయల తొడాలు తీయడం నా చేతి పనులు. ఒకరోజు పొట్లాలు కడుతుంటే గోడవతల మా ఆయన ఎవరితోనో, మా ఇంట్లో ఆడవాళ్ళకేం పనుండదండీ, హాయిగా ఉంటారు అనడం విన్నాను. నాకు కోపం రావాలి. రాలేదు. నిజంగానే నాకు పని లేదేమోనని అనుమానం వచ్చింది. కట్టిన పొట్లాలు లెక్కపెట్టి చూసుకున్నాను.

రవీంద్రభారతిలో ఆదివారం సాయంత్రం నాటకమని పేపర్లో పడింది. సరిగ్గా నా పుట్టినరోజు. రాత్రి అత్తయ్య పడుకున్నాక, భోజనం దగ్గర ఆయనకి చెప్పాను. వద్దంటాడని, దేనికి ఏం జవాబు చెప్పాలో కూరలు తరుగుతూ అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ కాసేపు ఆలోచించి, వెళ్ళిరా అన్నాడు. అమ్మకి నేను చెప్తాలే, నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు, దిష్టి తగులుతుంది అని కూడా అన్నాడు. సిద్ధం చేసుకున్న జవాబులన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. గెలిచినట్టు అనిపించాలి కదా, ఎందుకో తూలినట్టయింది.

ఆ తర్వాత అన్నీ వింతలే. మా అత్తయ్య పుల్లమ్మగారు నేను గుడికెళ్తానన్నా ఎందుకని అడిగే మనిషి. ఆవిడ ఒక్క మాట అడ్డు చెప్పలేదు. పైగా ప్రయాణం ముందు రోజు పథ్యం కారప్పొడి సీసాలో పోసి నా సంచిలో పెట్టింది. హైదరాబాద్‌కి పథ్యం కారం ఎందుకు అత్తయ్యా అని అడగబోయి ఊరుకున్నాను, ఒప్పుకున్న మనిషిని కదిలించడమెందుకని. ఎదురింటి లలితాంబక్కయ్య గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండు, అంతా అమ్మవారే చూసుకుంటుంది అంది. నేనెవరికీ చెప్పలేదు, ఈవిడకెలా తెలిసిందో తెలియదు. యాభై ఏళ్ళు నిండటం అంత ప్రమాదమని అప్పటిదాకా నాకు తెలియదు.

శనివారం ఇంకా తెల్లవారకముందే మా ఆయన స్కూటర్ మీద చిల్లకల్లు తీసుకెళ్ళి హైవే మీద బస్సెక్కించాడు. పేట బస్టాండులోనే ఎక్కొచ్చు కదా అంటే అక్కడ సీట్లు దొరకవన్నాడు. నీళ్ళ సీసా కొనిచ్చాడు. బస్సు కదిలేదాకా చలిలో మఫ్లర్ చుట్టుకుని నిలబడ్డాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచి మనిషిని ముప్ఫై రెండేళ్ళుగా లోపల్లోపల విసుక్కుంటున్నానే అని సూర్యాపేట దాకా నన్ను నేను తిట్టుకున్నాను.

హైదరాబాద్‌లో అబిడ్స్ దగ్గర ఒక లాడ్జికి వెళ్ళాను. పేపర్లో ప్రకటన చూసి రాసుకున్న చోటు. ఫోన్ నంబరుతో సహా కాగితం మీద రాసి మా ఆయనకి కూడా ఇచ్చి వచ్చాను. కౌంటర్‌లో ఉన్న క్లర్కు నా వెనక్కి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరన్నాను. ఒంటరి ఆడవాళ్ళకి రూమివ్వరట. ఓటరు కార్డు తీసి చూపించాను. అందులో భర్త పేరు చూసి, ఆయనతో ఒక మాట ఫోన్లో చెప్పించండి, రాసుకుంటానన్నాడు. నాకది అవమానంగా తోచలేదు, ఆ క్షణంలో ధైర్యమే వచ్చింది. పంపించింది ఆయనే కదా. షాపు నంబరు చెప్పాను.

"సార్, మీ మిసెస్ అని ఒకావిడొచ్చారండి. రెండ్రోజులకి రూమ్ అడుగుతున్నారు" అన్నాడు క్లర్కు. తర్వాత విన్నాడు. విని ఫోన్ పెట్టేసి, నా కాళ్ళ నుంచి తల దాకా ఒకసారి చూశాడు.

"వాళ్ళావిడ నందిగామలో అన్నగారింట్లో ఉందంటున్నారమ్మా."

నంబరు తప్పేమోనన్నాను. నంబరు తప్పు కాదు. కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకుని ఫోటో చూసుకున్నాను. అది నా మొహమే. నందిగామలో మా అన్నయ్య ఉపేంద్ర ఉన్న మాట నిజం. అయితే అక్కడ ఉన్న ఆవిడెవరు? నేను పొరపాటున వేరే ఎవరి భర్త పేరో చెప్పానా అని కూడా అనిపించింది. నవ్వకండి, ఆ నిమిషంలో నాకు నిజంగా అలాగే ఉంది. క్లర్కు నన్ను పక్కకి జరగమన్నాడు, వెనక వేరే వాళ్ళున్నారని.

పది నిమిషాల తర్వాత ఫోన్ మోగింది. మా ఆయన. క్లర్కు రిసీవర్ నా చేతికిచ్చాడు.

"షాపులో పదిమందున్నారు తాయారూ. ఏం చెప్పమంటావు? మా ఆవిడ ఒక్కతే హైదరాబాద్ లాడ్జిలో ఉందని చెప్పమంటావా?"

"పంపింది మీరే కదండీ."

"పంపాను. పంపానని ఊరంతా చాటాలా?"

మిగతాది ఆయన గబగబా చెప్పాడు. మా వదిన జయమణికి ఒంట్లో బాగోలేదనీ, నేను చూడ్డానికి నందిగామ వెళ్ళాననీ అత్తయ్యకీ, వీధిలో వాళ్ళకీ, షాపుకొచ్చిన వాళ్ళకీ చెప్పాడట. అన్నయ్యకి కూడా ఫోన్ చేసి చెప్పి ఉంచాడట. సోమవారం వచ్చేటప్పుడు చిల్లకల్లులో దిగొద్దన్నాడు. తిన్నగా నందిగామ వెళ్ళిపోయి, అక్కడ పేట బస్సెక్కి వెనక్కి రావాలి. నందిగామ బస్సులోంచి దిగితే ఎవరికీ అనుమానం రాదు. వదినకి ఎలా ఉందని అడిగితే తగ్గిందని చెప్పాలి. అన్నీ చెప్పి, క్లర్కుకివ్వు అన్నాడు. క్లర్కు సరే సార్, సరే సార్ అని తాళం చెవి నా ముందు పెట్టాడు. పది నిమిషాల క్రితం నేనక్కడ లేనన్న మా ఆయనే ఇప్పుడు ఉన్నానన్నాడు, రెండుసార్లూ ఆయన మాటే చెల్లింది. ఏది నిజమని క్లర్కు అడగనైనా అడగలేదు.

గదిలో మంచం మీద కూర్చుని సంచి విప్పితే ముందు పథ్యం కారం సీసా బయటికొచ్చింది. అప్పుడు నాకు అత్తయ్య మంచితనం, లలితాంబక్కయ్య ధైర్యవచనాలు, చీకట్లో స్కూటరు ప్రయాణం అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఊరంతటికీ తెలిసిన నా ప్రయాణం నాకొక్కదానికే తెలియదు.

అయినా ఆ మధ్యాహ్నం గోల్కొండ వెళ్ళాను. మరిదిగారి కూతురి పెళ్ళికి వచ్చినప్పుడు అందరూ కోట ఎక్కితే నేను సంచులు కాపలా కాస్తూ కింద కూర్చున్నాను. ఈసారి మోకాళ్ళు నొప్పెడుతున్నా పైదాకా ఎక్కాను. ఊరంతా కనిపించింది. బాగుందా అని అడిగేవాళ్ళు లేరు కాబట్టి బాగుందో లేదో నేనే తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోయాను. తాయారు నందిగామలో వదిన మంచం పక్కన కూర్చుని ఉందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. మరి ఇక్కడ ఆయాసపడుతున్నదెవరు? మర్నాడు పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ అంతే. ప్రతి గదిలోనూ గబగబా నడిచాను, ఎవరో వెనక నుంచి త్వరగా రమ్మంటున్నట్టు. ఎవరూ అనలేదు.

సాయంత్రం నాటకానికి మూడో వరసలో, సరిగ్గా మధ్యలో సీటు దొరికింది. స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా కనిపిస్తోంది. తెర లేచినప్పుడు కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. ఒక ముసలాయన, ఇద్దరు కొడుకులు, వాళ్ళ ఇంటి పంపకం. మొదటి అరగంట హాయిగా నవ్వాను, బిగ్గరగానే నవ్వాను. అప్పుడు ముందు వరసలో ఒకాయన తల తిప్పాడు. పేటలో ఎరువుల కొట్టు ఆయనలా ఉన్నాడు. చటుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, కింద ఏదో పడినట్టు వంగిపోయాను. ఎంతసేపు వంగి ఉన్నానో తెలియదు. మళ్ళీ తలెత్తేసరికి స్టేజీ మీద ముసలాయన లేడు, కొడుకులు ఏడుస్తున్నారు. ఏం జరిగిందో నాకు తెలియలేదు. మళ్ళీ చూస్తే ముందు వరసలో ఆయన ఎవరో కూడా తెలియదు, మా ఊరివాడు మాత్రం కాదు. తాడు వెనక కూర్చున్న రోజుల్లో కూడా నాటకాన్ని నేనింత పోగొట్టుకోలేదు. నా పుట్టినరోజు నాడు నేనే దొంగలా వంగి కూర్చున్నందుకు దుఃఖం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నాటకం చూసి ఏడుస్తున్నాననుకున్నారు.

సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. ఎక్కడికమ్మా అని కండక్టర్ అడిగితే నందిగామ అన్నాను. నా నోరే అంది. టికెట్ చేతిలో పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. మా ఆయన చెడ్డవాడని అనుకుందామని చూశాను, కుదరలేదు. నన్ను ఆపలేదు, తిట్టలేదు, చలిలో నిలబడ్డాడు. పంపడానికి సిగ్గుపడలేదు, పంపానని చెప్పుకోవడానికే సిగ్గుపడ్డాడు. ఇందులో నేను దేనికి సంతోషించాలో, దేనికి ఏడవాలో కోదాడ దాకా ఆలోచించినా తేలలేదు. వదినకి ఏం జబ్బో కూడా ఆయన చెప్పలేదు, నేనడగలేదు. పథ్యం అంటే కామెర్లా, టైఫాయిడా? రేపు పేట నుంచి ఎవరైనా పలకరించడానికి వెళితే పాపం ఆవిడ ఉన్నపళంగా మంచమెక్కాలి. నేను నాటకం చూసినందుకు నందిగామలో ఒక ఆడమనిషి దుప్పటి కప్పుకుని పడుకోవాలి. అది తలచుకుంటే మాత్రం నాకు మొదటిసారి ఒళ్ళు మండింది.

చిల్లకల్లు, చిల్లకల్లు అని కండక్టర్ కేకేశాడు. లేచాను.

"మీది నందిగామ టికెట్టు కదమ్మా."

"మా ఊరు ఇదేనయ్యా" అన్నాను.

ఆటోలో పేట వచ్చి, పట్టపగలు బజారు మధ్యలో దిగాను. ఇంట్లోకి నేనెప్పుడూ పక్క సందులోంచి వెళ్తాను. ఆ రోజు సంచి పట్టుకుని షాపు మెట్లెక్కాను. లోపల రద్దీగా ఉంది. వర్తక సంఘం పెద్ద వరప్రసాదరావుగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. గల్లా దగ్గర మా ఆయన నన్ను చూసి, గోడ మీద గడియారం చూశాడు. నందిగామ వెళ్ళి తిరిగొచ్చే టైము ఇంకా కాలేదు.

"ఏమ్మా తాయారూ, మీ వదినకెట్లా ఉంది?" అని వరప్రసాదరావుగారు అడిగారు.

మా ఆయన కళ్ళతోనే నాకు జవాబు అందిస్తున్నాడు. ఏం చెప్తానో ఆ క్షణం వరకూ నాకూ తెలియదు.

"మా వదిన నిక్షేపంగా ఉందండి. నిన్నటితో నాకు యాభై నిండాయి. హైదరాబాద్ వెళ్ళి నాటకం చూసొస్తున్నా."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నేనండి. మా వారే బస్సెక్కించి పంపారు."

అది పొగడ్తో ఫిర్యాదో నాకిప్పటికీ తెలియదు. కాటా దగ్గరున్న మనుషులు కూడా పని ఆపి చూశారు. వరప్రసాదరావుగారు కుర్చీలోనే మా ఆయన వైపు తిరిగారు.

"నువ్వే పంపావా సుబ్రహ్మణ్యం?"

షాపులో పదిమందీ ఉన్నారు. ఈసారి ఎదురుగా నేనూ ఉన్నాను.