సిమెంటు బస్తాలకు చెవులుండవు

నేను ఒక గుర్రాల ట్రైలర్‌ని. రెండు చక్రాలు, ఇనుప ఒళ్లు, ముందు పొడవాటి ముక్కు. ఇంజిన్ ఒక్కటే లేదు. ఎవరో ఒకరు నా ముక్కును తమ బండి కొక్కేనికి తగిలించుకుంటే తప్ప కదల్లేను. తిరిగే కాలూ, తిట్టే నోరూ ఊరుకోవంటారు. నాకు నోరు ఇవ్వలేదు గానీ కాలు మాత్రం అలాంటిదే ఇచ్చారు.

బాలానగర్ షెడ్డులో పుట్టాను. గుర్రపుస్వారీ క్లబ్బు ఒకటి నన్ను కొనుక్కుంది. అది మూతపడ్డాక వానకు తడుస్తూ పడి ఉంటే చేవెళ్ల ఇస్తారి తెచ్చుకున్నాడు. ఇస్తారిది పెళ్లి బరాత్‌లకు గుర్రం కట్టే పని. అతని గుర్రం చమేలి మీద ఊరేగని పెళ్లికొడుకు ఆ చుట్టుపక్కల లేడు. ఆ చమేలికి ముందుకాలి ఎముక బీటవారింది. పట్నంలో ఆపరేషన్ చేస్తామన్నారు. దారిలో గనక ఒక్కసారి కూలబడిందంటే ఇక బతికించలేమని డాక్టరు ముందే చెప్పాడు. లారీ ఎత్తుకు అది ఎక్కలేదు. అందుకని నేను.

మరి నన్ను లాగేదెవరు? పిల్లకు సంబంధం చూసినంత హడావిడి జరిగింది. బావమరిది శ్రీశైలం తన కొత్త కారు తెచ్చాడు.

"గుట్టనన్నా గుంజుతది బావా."

చమేలి బరువుకు సరిపడా సిమెంటు బస్తాలు నాలో పేర్చి ఊరంతా తిప్పారు. బాగానే లాగింది. అందరూ చప్పట్లు కొట్టారు. బస్తాలు దించి చమేలిని ఎక్కించి, ఇంటి ముందరి దారిలో మెల్లగా కదిలించారు. మొదటి మలుపులోనే అది నొప్పి కాలి మీది బరువు రెండో కాలి మీదికి మార్చుకుంది. నేను ఊగాను. నాతో పాటు కారు వెనకభాగమూ ఊగింది.

ఇస్తారి భార్య బాలమణి నా కిటికీ పక్కనే నడుస్తోంది. బరాత్‌లో ఆమె ఎప్పుడూ గుర్రం చెవులు చూస్తూనే నడుస్తుంది; అది బెదిరితే ముందు తెలిసేది అక్కడే.

"ఆపుండ్రి. చెవులు ఎనుకకు పడ్డయి," అంది. "సిమెంటు బస్తాలకు చెవులుంటయా? గుంజుడు సరే, దీన్ని ఆపుతదా మీ కారు?"

తర్వాత ట్రాక్టరు వచ్చింది. దాని కొక్కెం మరీ ఎత్తు. తగిలించగానే నా ముక్కు ఆకాశానికి లేచింది, చమేలి వెనక్కి జారబోయింది. అక్కడే విప్పేశారు. ఆపరేషన్ రోజు దగ్గరపడుతోంది. ఇస్తారి కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండానే లేచిపోయేవాడు. నాకూ భయమేసింది. ఎంత తిరగాలని ఉన్నా, దాన్ని చంపే ప్రయాణం నాకొద్దు.

ఒకరోజు లతీఫ్ చమేలిని చూసిపోదామని వచ్చాడు. బరాత్ వెనకాల దీపాల జనరేటరు లాగే పాత జీపు అతనిది. వీధి మలుపులో ఆ చప్పుడు వినపడగానే కొట్టంలో చమేలి చెవులు ముందుకు నిక్కాయి. బాలమణి చూసింది.

"లతీఫన్నా, జర ఇంకోపారి స్టార్ట్ చెయ్యి."

చెవులు మళ్లీ నిక్కాయి.

"నా బండికి ఉరుకుడు రాదమ్మా," అన్నాడు లతీఫ్.

"ఉరుకుడు ఎవలకు గావాలె?"

బరువైన జీపు. కొక్కెం సరిగ్గా నా ముక్కు ఎత్తులో ఉంది. బరాత్‌లో ముందు చిందులేసే కుర్రాళ్లు ఎక్కడ ఆగిపోతారో తెలియదు కాబట్టి, లతీఫ్ కాలు బ్రేకును పసిపిల్లను తాకినట్టు తాకుతుంది. ఏళ్ల తరబడి ఆ బండి చమేలి వెనకే నడిచింది. ఎవరికీ తట్టలేదు.

పట్నం దారంతా వెనక హారన్లు. ఒక ఆటోవాడు తల బయటపెట్టి, "పెండ్లికి పోతున్నవా?" అని ఎగతాళి చేశాడు.

"అవ్ భాయ్. పెండ్లిపిల్ల లోపలున్నది," అన్నాడు లతీఫ్.

చమేలి నిలబడే చేరింది. నిలబడే తిరిగొచ్చింది. కాలు అతుక్కుంది గానీ, ఇక పెళ్లికొడుకుల్ని మోయకూడదన్నారు. ఇప్పుడు దానికీ నాకూ ఒకే రేకుల పందిరి.

నిన్న సాయంత్రం ఊళ్లో బ్యాండు మోగింది. ఇస్తారి నన్ను కడిగి తలుపు వాల్చి ఆరబెట్టాడు. చమేలి చెవులు నిక్కించి, ఎవరూ పిలవకుండానే మెల్లగా వచ్చి నాలోకెక్కి నిలబడింది. ఇద్దరమూ చాలాసేపు ఎదురుచూశాం. జీపుకు కొక్కెం ఒక్కటే. అది జనరేటరును తగిలించుకుని పెళ్లికి వెళ్లిపోయింది.