బోనం ఎత్తిన కాళ్లు

ఛత్రినాకలో బోనాలనాడు నాగమణమ్మ ముందు నడిస్తేనే ఆ గల్లీ ఆడవాళ్లు వెనక కదులుతారు. ఈసారీ అంతే. నెత్తిన బోనం, దాని మీద దీపం, పసుపు పూసిన ఉత్త కాళ్లు. గుడి మలుపు దగ్గర కోడలు స్రవ్య ఆనవాయితీ ప్రకారం చెంబుతో అత్త పాదాల మీద నీళ్లు పోసింది. ఆ నీళ్లు ఎర్రగా పారాయి.

"అత్తమ్మా, కాలికేందో గుచ్చుకుంది. ఆగుండ్రి."

నాగమణమ్మ ఆగింది. ఎక్కడ గుచ్చుకుందో, ఎంతసేపయిందో ఆమెకు తెలియదు. అరికాళ్లు మొద్దుబారి చాలాకాలమైంది. చెప్పుల్లేకుండా గడప దాటొద్దని డాక్టరు చెప్పిన మాటను, ఆయన రాసిన మాత్రలతో పాటే బియ్యం డబ్బాలో దాచేసింది.

డప్పుల ముందు నడుస్తున్న దుర్గయ్య వంగి చూశాడు. "సీసా పెంకు దిగింది. గింత లోతు దిగినా అక్క ఉలికిపడలే సూడుండ్రి. అమ్మ పూనింది."

ఆ ఒక్క మాట చాలింది. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వంగి, నెత్తుటి తడిని కళ్లకద్దుకున్నారు. మొన్న నల్లా దగ్గర బిందె కోసం లొల్లి పెట్టుకున్న పక్కింటామె కూడా మొక్కింది.

"నొస్తలేదా అత్తమ్మా?" స్రవ్య మెల్లగా అడిగింది.

"ఓర్సుకుంటున్న."

ఎవరికి తెలిసినా స్రవ్యకు మాత్రం తెలియకూడదు. నిశ్చితార్థంనాడు స్రవ్య తల్లి చక్కెర లేని చాయ్ అడిగితే, పదిమంది ముందు నాగమణమ్మ పకపకా నవ్వింది. "కూసొని తినేటోళ్ల రోగం వదినా అది. మేమంతా ఒళ్లొంచేటోళ్లం, మా గడప తొక్కది" అంది. ఆ తర్వాత ఆ తల్లికి కాలివేలు తీసేశారు. పలకరించడానికి పోయినప్పుడు కూడా "నోరు కట్టుకోవాలె మరి" అనే వచ్చింది.

ఇంతలో గల్లీ చివరింటి మున్నీ జనాన్ని తోసుకుంటూ వచ్చి, చంటిపిల్లాడిని ఆమె కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. పిల్లాడి కళ్లు మూతలు పడుతున్నాయి.

"జ్వరం దిగుతలేదమ్మా. దవాఖానల షరీక్ జేసి ఆడనే ఉంచాలంటున్నరు. నువ్వు వద్దంటే పోను. ఒక్క మాట చెప్పు తల్లీ."

డప్పు ఆగింది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. నాగమణమ్మకు బోనం బరువు మెడమీద తెలిసింది. తెలియనిది కాళ్లకే.

"బోనం అందుకోండి ఎవరన్నా," అంది. పక్కింటామె అందుకుంది.

"పిల్లగాన్ని ఎత్తుకో మున్నీ. ఇప్పుడే దవాఖానకు నడువు. నా మీదికి ఏ అమ్మా రాలే. నాకు షుగరుంది. కాళ్లల్ల స్పర్శ లేదు, గందుకే తెల్వలే."

"అమ్మే గట్ల పలికిస్తుంది," అన్నాడు దుర్గయ్య, వదలకుండా.

"షుగరే దుర్గయ్యా."

మున్నీ పిల్లాడిని భుజానేసుకుని పరుగెత్తింది. మొక్కినవాళ్లలో ఒకామె తన వేళ్లవైపు చూసుకుని, చీర కుచ్చిళ్లకు గట్టిగా తుడుచుకుంది. నాగమణమ్మ అది చూసింది.

స్రవ్య ఆటో పిలిచి, అత్తను ఎక్కించి, ఆ కాలిని ఒళ్లో పెట్టుకుంది. తన చీర కొంగుతో చుట్టూ ఒత్తిపట్టి, తల్లికి ఫోన్ చేసి సంగతి చెప్పి, ఏ దవాఖానకు పోవాలో అడిగింది. ఆ తర్వాత ఫోన్ అత్త చెవి దగ్గర పెట్టింది.

"ఫికర్ జేయకుండ్రి వదినా," అంది అటునుంచి వియ్యపురాలు. గొంతులో ఎత్తిపొడుపు లేదు, అది ఉన్నా బాగుండేది. "పెంకు మీరు పీకకుండ్రి, డాక్టరే తీస్తడు. ఎప్పటిసంది ఉంది షుగరు?"

'ఈమధ్యనే' అనేయవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నిశ్చితార్థానికి ముందుసంది," అంది నాగమణమ్మ. "మీకు చాయ్ ఇచ్చిన నాడు గోలీలు నా కొంగుకు కట్టుకునే ఉన్న."

ఆటో గుంతల్లో పడి లేస్తోంది. స్రవ్య చేతులు ఇంకా తన పాదం మీదే ఉన్నాయో, తీసేసిందో నాగమణమ్మకు తెలియడం లేదు. తల దించితే కనిపిస్తుంది. దించలేక, రోడ్డువైపే చూస్తూ కూర్చుంది.