మెట్ల మలుపులో మీటింగు

మా ఆఫీసులో ఒకే యాప్ మీద నాలుగు టీములు పనిచేస్తాయి. పొద్దున్నే ఏ టీముకు ఆ టీము నిలబడి మాట్లాడుకున్నాక, టీముకొకరు చొప్పున కిటికీ పక్కనున్న నా బల్ల చుట్టూ చేరతారు. అక్కడా ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే మనవాళ్లు సొంత కథలు మొదలుపెడతారని నా అనుభవం. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, పని ఎక్కడ ఆగింది, అంతే. ఒక టీము ఇంకో టీము కోసం చేతులు ముడుచుకుని ఎదురుచూస్తుంటే ఆ ముడి విప్పడం నా ఉద్యోగం. ఎవరివల్ల ఆగిందో మాత్రం డైరెక్టరుకు ఏనాడూ చెప్పలేదు. చెబితే మర్నాటినుంచి ఎవరూ నోరు విప్పరు.

పేమెంట్ల టీము తరఫున వచ్చేది మా మరిది, అంటే మా చెల్లెలి భర్త. అతను ఇంట్లో ఖాళీగా ఉంటే చెల్లెలి మొహం చూడలేక, నేనే డైరెక్టరు చుట్టూ తిరిగి ఉద్యోగం ఇప్పించాను. ఆఫీసులోనూ "వదినా" అనే పిలిచేవాడు. దాంతో ఫ్లోరంతా నన్ను వదినను చేసేసింది. నాకు జీతం పెరగలేదు గానీ మరుదులు మాత్రం పెరిగారు.

నేను చేస్తున్న ఈ కోఆర్డినేటరు పోస్టు ఉంచాలా, తీసేయాలా అన్నది నెలాఖరుకు తేలుస్తానని డైరెక్టరు చెప్పినప్పుడు నాకు పెద్దగా బెంగ కలగలేదు. వారాల తరబడి నా మీటింగులో ఎవరి పనీ ఆగడం లేదు మరి. "అంతా సాఫీగా ఉంది వదినా" అని మరిది అందుకుంటే మిగతా ముగ్గురిదీ అదే పాట. అదంతా నా పనితనమే అనుకుని లోలోపల పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక రోజు లిఫ్టు పనిచేయక మెట్లెక్కి వస్తున్నాను. పై మలుపులో మరిది గొంతు వినిపించి ఆగాను.

"మీ లాగిన్ పని ఇంకా కదల్లేదా? సరే, నేను మాట్లాడతా. వదిన దగ్గర మాత్రం సాఫీగా ఉందనే చెప్పండి."

రెండు మెట్లెక్కి చూశాను. నలుగురూ అక్కడే ఉన్నారు, గుండ్రంగా, నిలబడి, అచ్చం నేను నేర్పినట్టే. అసలు మీటింగు అక్కడ జరుగుతోంది. నా బల్ల దగ్గర జరిగేది నాటకం, దాన్ని చూసేది నేనొక్కదాన్నే.

నన్ను చూడగానే మరిది ఫోను చెవికి పెట్టుకుని పైకి వెళ్లిపోయాడు. మరో ఇద్దరు అతని వెనకాలే జారుకున్నారు. టెస్టింగ్ టీము అమ్మాయి మాత్రం కదల్లేక నిలబడిపోయింది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"చాన్నాళ్లయింది వదినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మేం చెప్పేవన్నీ మీరు పేర్లతో సహా డైరెక్టరు గారి చెవిన వేస్తున్నారని మీ మరిది గారే చెప్పారు."

"నమ్మేశావా?"

"బయటివాళ్లు చెబితే నమ్మేదాన్ని కాదు. మీ ఇంటిమనిషే చెబుతుంటే ఇంకేం అనుకోమంటారు?"

కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఈ పిల్ల నా ఎదురుగా నవ్వుతూ నిలబడి, మనసులో నన్ను చాడీలు మోసే మనిషిగా చూసిందన్నమాట.

తిన్నగా డైరెక్టరు గదికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

"మీకు కబురు పెడదామనే అనుకుంటున్నాను. మీ మీటింగులో వారాల తరబడి ఒక్క సమస్యా రాలేదు. టీముల మధ్య వచ్చినవన్నీ బయటే మీ మరిది తీరుస్తున్నాడు. వచ్చే నెలనుంచి నాలుగు టీములూ అతనే చూసుకుంటాడు. మీకు ఇంకెక్కడైనా చోటుందేమో చూద్దాం."

"నా దగ్గరికి రాకుండా అతనే ఆపాడండీ."

"ఇంటి గొడవలు ఆఫీసుకు తేకండి," అన్నారాయన, మెత్తగానే.

సాయంత్రం బస్టాపులో ఉండగా చెల్లెలు ఫోను చేసింది. సంతోషం పట్టలేకపోతోంది.

"అక్కా, ఆయన ఇప్పుడే చెప్పారు. నువ్వు పైపోస్టుకు వెళ్తూ నీ కుర్చీ ఆయనకి ఇప్పించావట కదా. నీ మేలు ఈ జన్మలో మరిచిపోలేనక్కా."

ఉద్యోగం లాక్కున్నాడు. అది చాలక నా మంచితనం పేరు చెప్పి దాన్ని నా చెల్లెలికి కానుకగా ఇచ్చాడు. అవునంటే ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉంటారు. అవునందామని నోరు తెరిచాను కూడా. కానీ అడిగింది ఇంకొకటి.

"మీ ఆయన పక్కనే ఉన్నాడా?"

"ఆఁ, ఇక్కడే ఉన్నారు."

"స్పీకరు పెట్టు."

పెట్టింది. "చెప్పండి వదినా," అన్నాడు, రోజూ అనే గొంతుతోనే.

"నా కుర్చీ నీకెలా వచ్చిందో నీ భార్యకు నువ్వే చెప్పు. నేను వింటుంటాను."

నా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. "ఏంటండీ, అక్క ఏమడుగుతోంది?" అంది చెల్లెలు. కాసేపాగి మళ్లీ అడిగింది. ఈసారి ఆ గొంతులో సంతోషం లేదు.