వేళ్ళ మేస్త్రి

నడిమి క్యాపు బోల్టులు బిగించి, వేళ్ళ మేస్త్రి ఇంజను లోపల ఇరుసులా తిరిగే క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పాడు. నూనె పట్టిన ఇనుము చప్పుడు లేకుండా తిరిగింది. తర్వాత రెండు చివరల క్యాపులు ఒక్కొక్కటే బిగించి, బిగించిన ప్రతిసారీ మళ్ళీ తిప్పి చూశాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఏ ఇంజనునూ ఆయన ఇంకోలా కట్టలేదు.

ఈ ఇంజను పళ్ళ డాక్టరమ్మ కారు కోసం. ఆ కారు నిలబడి ఉన్నా పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. దాని సొంత ఇంజనులో రాడ్డు విరిగి, దిమ్మలాంటి బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. కంపెనీవాళ్ళు కొత్త ఇంజనుకు చెప్పిన ధరకు ఇంకో కారే వస్తుంది. అందుకని మేస్త్రి మూడు వారాలు పాత సామాను కొట్ల చుట్టూ తిరిగి, అదే కంపెనీ సరుకుల వ్యానులోంచి బ్లాకూ క్రాంకూ తెచ్చాడు. పైన మూసే హెడ్డు కారుదే. బేరింగులూ రింగులూ మాత్రం కొత్తవి.

"గుర్రానికి గాడిద గుండెకాయ పెడుతున్నావు బావా. రేపు ఓండ్ర పెడితే నన్నడగొద్దు" అని షెడ్డు నడిపే బావమరిది రోజుకోసారి అనేవాడు.

మేస్త్రి బెంగ గుండెకాయ గురించి కాదు, వేళ్ళ గురించి. ఆరు నెలల కింద చూపుడువేలి కొన మొద్దుబారింది. తర్వాత పక్క వేలు, ఆ తర్వాత బొటనవేలు. ఎవరికీ చెప్పలేదు. కొలతలన్నీ వేళ్ళలోనే ఉన్నాయని వచ్చిన పేరు ఆయనది.

క్రాంకును పట్టి ఉంచే క్యాపులు ఐదు. ఏది ఎక్కడిదో తెలియడానికి అందరూ వాటి మీద అంకెలు రాసుకుంటారు. ఈయన విప్పేటప్పుడే పంచితో, వేలికి తగిలే గుంటల్లా, చుక్కలు కొడతాడు: ఒకటోదానికి ఒకటి, ఐదోదానికి ఐదు. బిగించేటప్పుడు చూడడు, వేలితో తడిమి తీసుకుంటాడు. ఒకదాని చోట ఇంకోటి పడితే క్రాంకు పట్టేస్తుంది. కొంచెమే పట్టేస్తే ఇంకా ప్రమాదం. షెడ్డులో బాగానే తిరిగి, రోడ్డు మీద మంచి వేగంలో బిగుసుకుపోతుంది.

మిగిలిన రెండింటిలో ఒకదాన్ని తడిమి, రెండు అనుకున్నాడు. బిగించి తిప్పితే కాస్త బరువుగా తిరిగింది. కొత్త బేరింగులు కదా అనుకున్నాడు. చివరిదీ బిగించాడు. క్రాంకు కదల్లేదు.

బావమరిది గాస్కెట్ల కోసం బజారుకు వెళ్ళాడు. మేస్త్రి బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. భార్య భోజనం తీసుకుని వచ్చేసరికి అలాగే ఉన్నాడు. అన్నం దగ్గరికి రమ్మంటే రాలేదు. ఆఖరి క్యాపులు రెండూ ఊడదీసి ఆమె అరచేతుల్లో పెట్టాడు.

"ఏది ఎన్నో చూడు."

ఆమె చూడలేదు, ఆయనలాగే తడిమింది.

"ఇది నాలుగు. ఇది రెండు."

ఆయన తన వేళ్ళ కొనలు చూసుకున్నాడు.

"మొన్న పొయ్యి మీది గిన్నె ఒట్టి చేత్తో దించేశారు. అప్పుడే తెలిసింది నాకు" అంది.

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని."

ఐదు క్యాపులూ విప్పేశాడు. ఆమె ఒక్కొక్కటి తడిమి, లెక్క చెప్పి అందించింది. ఆయన బిగించాడు. చివర్లో ఆమెనే తిప్పమన్నాడు. ఆమె ఒక్క చేత్తో తిప్పి, ఇంత తేలిగ్గానా అని అడిగింది. ఇంత తేలిగ్గానే అన్నాడు.

బావమరిది వచ్చాక దాచకుండా చెప్పాడు. రెండూ నాలుగూ మార్చి పెట్టాననీ, మీ అక్క సరిచేసిందనీ, రేపటి నుంచి రాననీ.

బావమరిది ఒప్పుకోలేదు. గేజీలు పెట్టి కొలుద్దామన్నాడు, కుర్చీ వేసుకుని చెప్తూ ఉంటే చాలన్నాడు. కొళాయి గట్టు మీది సబ్బుతో చేతులు కడుక్కోవడానికైనా రమ్మని నవ్వించబోయాడు.

"వేలు పోయినందుకు కాదురా" అన్నాడు మేస్త్రి. "బరువుగా తిరిగింది. తెలిసింది నాకు. తెలిసీ, కొత్త బేరింగులు కదా అనుకున్నాను. అలా అనుకున్నవాడు ఇంజను కట్టకూడదు."

భార్య ముట్టని క్యారియరు సర్దింది. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మిగతా పని బావమరిది చేశాడు, ప్రతిదీ రెండుసార్లు కొలిచి. పన్నెండో రోజున ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. డాక్టరమ్మ పెద్ద రోడ్డు మీద గంటసేపు తిప్పుకొచ్చి, పాతదానికన్నా మెత్తగా ఉందనీ, మేస్త్రిగారికి చెప్పి వెళ్తాననీ అంది. ఆయన ఇంటిదగ్గరే ఉన్నారని చెప్పి బావమరిది చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్ళాడు.

గట్టు మీద మేస్త్రి సబ్బుబిళ్ల, ఒక పక్క ఆయన బొటనవేలి లోతున అరిగిన గుంటతో, ఎండి నిలువునా పగిలి ఉంది.