ఉచ్చీరమ్మ గ్లాసు

రోజూ సాయంత్రం ఒక్క గ్లాసు కోసం నేను రెండు గంటలు పనిచేసేదాన్ని. చెనక్కాయలు వేయించాలి, ఎర్రగడ్డలు తరగాలి, గుడ్లు పొరటు చేయాలి. మగ్గం దిగిన మా ఆయన లక్ష్మప్ప కాళ్లు చాపుకొని, తానేమన్నా తాగుబోతా, ఒక్క గ్లాసే కదా, గుండెకు మంచిదంట అనేవాడు. కష్టపడే మగోడికి ఆ మాత్రం లేకపోతే ఎట్లా అని మా అత్త ఉచ్చీరమ్మ వంత పాడేది. పొద్దున్నుంచి కండెలకు దారం చుట్టి వాచిన నా వేళ్లకు ఏ మాత్రం కావాలో ఎవరూ అడగలేదు. ఒళ్లు మండేది నాకు. పుట్టింట్లో నాన్న పక్కన కూర్చుని నేత నేర్చినదాన్ని. ఈ ఇంట్లో ఆడోళ్లు మగ్గం ఎక్కరంట, దారం చుట్టి ఇవ్వడం వరకేనంట. సాయంత్రమైతే ఖాళీగా ఉండే ఆ మగ్గాన్ని చూస్తూ ఎర్రగడ్డలు తరిగేదాన్ని.

ఆయనకు బీపీ ఎక్కువైందని ఎమ్మిగనూరు నుంచి ఆదోని డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. మందు అలవాటుందా అని ఆమె అడిగితే, ఈయన కొత్త పెళ్లికొడుకులా తల దించుకుని, "కొంచెమే మేడం. ఒక్క గ్లాసు" అన్నాడు.

నేను సంచిలోంచి ఆ గ్లాసు తీసి టేబుల్ మీద పెట్టాను. పెద్ద స్టీలు గ్లాసు, అత్త పుట్టింటి సామాను, నడుమ ఆమె పేరు చెక్కి ఉంటుంది.

"ఈ పేరు దాకా పోస్తాడు మేడం. నీళ్లు ఆ పైన" అన్నాను.

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ పేరు దాకా నీళ్లు పోసి, సిరప్ కొలిచే ముప్పై ఎం.ఎల్. కప్పులోకి వంచింది. ఆరు కప్పులైంది. రోజుకు క్వార్టర్ తాగుతున్నావయ్యా అంది. కొంచెమైతే గుండెకు మేలని ఒకప్పుడు అనేవాళ్లు, ఇప్పుడు ఆ మాట నిలబడటం లేదు, నీ బీపీకైతే అసలే వద్దు, నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రా అంది.

బస్సులో ఆయన నాకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు. ఇంట్లో అత్తకు సంగతి తెలిసి కొడుకు మీద విరుచుకుపడింది. "సారాయి కొలిచేదానికి నా పేరే దొరికినాదా నీకు?" సంచిలోంచి గ్లాసు లాగి, ఇక వాడికియ్యొద్దని నా చేతిలో పెట్టింది.

ఆయన తగ్గించుకుంటూ వచ్చాడు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని పూర్తిగా మానేశాడు. ఇప్పుడు పడుకుంటే హాయిగా నిద్రపడుతోందంటాడు. వేయించే పని లేని మొదటి సాయంత్రమే నేను మగ్గం ఎక్కాను. అత్త ఏదో అనబోయి, నా పక్కనున్న గ్లాసు చూసి ఊరుకుంది. దారం మెత్తబడాలని అందులో నీళ్లు పోసి వేసిన నా కండెలు నానుతున్నాయి.

ఆయన రాట్నం ముందు కూర్చుని చేతులు నొప్పి పెడుతున్నాయని గొణిగాడు.

"ఇంగా ఎన్ని సుట్టాల శోభా?"

"కొంచెమే" అన్నాను. "ఒక్క గ్లాసు."