ఒక్క పిలుపుకి పలకని ఊరు

బుడమేరు గట్లు తెగి, ఆ నీళ్లొచ్చి కొల్లేట్లో పడి, లంక ఊళ్ల రోడ్లు మునిగిన ఏడు అది. దానికి ముందొచ్చిన పెద్ద వరదకి తల్లి కడుపులో ఉన్న పిల్ల, ఈ వరద నాటికి ఇంటర్ పాసై కూర్చుంది. ఆ పిల్ల క్రిస్టినా. సాల్మన్ మనవరాలు.

ఆ ముందు వరదలోనే సాల్మన్ కొడుకు, ఆ పిల్ల తండ్రి ఆనంద్ పాల్ దోనె వేసుకుని వెళ్లాడు. అవతలి దిబ్బ మీద గేదెలు కట్టుకొయ్యలకే ఉండిపోయాయని, పలుపులు కోసి వదిలేసి వస్తానని వెళ్లాడు. గేదెలు ఈదుకుంటూ వచ్చాయి. కొన్నాళ్లకి దోనె కూడా బోర్లాపడి కొట్టుకొచ్చింది. ఆనంద్ పాల్ రాలేదు.

ఆ లంకలో ఒక పద్ధతుంది. కనబడని చోటు నుంచి మనిషిని పిలవాలంటే రెండుసార్లు పిలవాలి. ఒక్కసారి పిలిస్తే ఎవరూ పలకరు. ఒక్క పిలుపు నీళ్లలో పోయినవాళ్లదని, రెండు పిలుపులు బతికున్నవాళ్లవని అక్కడివాళ్ల నమ్మకం. ఇదంతా వట్టి భ్రమ అని పాస్టరుగారు ప్రసంగంలో చెబుతాడు గానీ, ఇంటికెళ్లాక టీ కోసం భార్యని ఆయనా రెండుసార్లే పిలుస్తాడు.

సాల్మన్‌ది చేపల చెరువు మీద పని. తవుడు సంచులకి చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకి కడతాడు. చేపలొచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి తింటాయి. గాలి పడిపోయి నీళ్లు కదలకుండా నిలబడ్డప్పుడు అతనికి వినిపిస్తుంది.

"నాన్నా."

ఒక్కసారే. పట్టపగలే. జలుబు చేసినట్టు కాస్త బరువైన గొంతు. సాల్మన్ చేతిలో ముడి వదలడు, తల తిప్పడు, పలకడు. రెండో పిలుపు కోసం ఆగుతాడు. అది వస్తే కొడుకు బతికున్నట్టే. మొదటిదానికే పలికితే, కొడుకు లేడని తన నోటితో తాను ఒప్పుకున్నట్టే. ఇన్నేళ్లలో రెండోది రాలేదు. అతనూ పలకలేదు.

క్రిస్టినా క్రిమినాలజీ డిగ్రీ చదువుతానంది. ఎక్కడో దూరాన ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. ఫీజులకీ హాస్టలుకీ కలిపి బ్యాంకు అప్పు ఐదు లక్షలు కావాలి. పక్కింటి సీతారత్నం ఆ మాట విని గోడ మీద నుంచి తొంగి చూసింది.

"ఏమే, దొంగల చదువంట గదా?"

"దొంగల చదువు కాదు పెద్దమ్మా. నేరాలు ఎందుకు జరుగుతాయో చదువుతాం."

"దానికి ఐదు లక్షలెందుకే? నన్నడిగితే ఊరికే చెబుదును గదా! మొన్న వరదలో నా బాతుల్ని ఎవడెత్తుకెళ్లాడో, ఎందుకెత్తుకెళ్లాడో నాకు తెల్సు. ఆకలేసి కాదు, రుచి మరిగి."

క్రిస్టినా తల్లి దేవకుమారి నవ్వలేదు. ఆకివీడులో చేపల ట్రేలకి ఐసు కొట్టి కొట్టి ఆమె వేళ్లు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి. "నర్సింగ్ చేస్తే ఏలూరులోనే ఉద్యోగం దొరుకుద్ది మామయ్యగారూ. మీరైనా చెప్పండి" అంది.

సాల్మన్ చెప్పలేదు. దేవకుమారికి తాడేపల్లిగూడెంలో అన్న ఉన్నాడు, ఆయన కొడుకు హర్షవర్ధన్ క్రిమినాలజీయే చదివాడని తెలుసు. అతనికి ఫోను కలపమన్నాడు.

"పోలీసువయ్యావా నాన్నా?"

"లేదండి తాతయ్యగారూ. హైదరాబాద్‌లో, షాపింగ్ మాల్లో కెమెరాలు చూస్తానండి."

"జీతం?"

"పంతొమ్మిది వేలండి. అప్పుకి నెలనెలా తొమ్మిది వేలు పోద్దండి."

"కడుపునిండా తింటన్నావా?"

"తింటన్నానండి" అన్నాడు హర్షవర్ధన్. సాల్మన్ ఫోను తిరిగి ఇచ్చేశాడు.

అయినా మనవరాలి దిగాలు మొహం చూడలేక, ఆ పిల్లని వెంటబెట్టుకుని ఏలూరు వెళ్లాడు. బ్యాంకులో కుర్చీలో కూర్చోబెట్టి, జెరాక్సు తెస్తానని క్రిస్టినా బయటికెళ్లింది. తిరిగొచ్చేసరికి వాళ్ల వెనక వచ్చినవాళ్ల పని కూడా అయిపోయింది.

"తాతయ్యా, తాతయ్యా! నిన్ను పిలిచారంట గదా?"

"ఒక్కసారే పిలిచారమ్మా."

క్రిస్టినా నుదురు కొట్టుకుని, లోపలున్న ఆఫీసరమ్మని బతిమాలి లోపలికి తీసుకెళ్లింది. ఆమె మర్యాదస్తురాలు. కుర్చీ చూపించి, కాగితం నింపడం మొదలుపెట్టింది.

"అమ్మాయి తండ్రిగారు ఉన్నారా అండీ?"

సాల్మన్ గుమ్మం వైపు చూశాడు. క్రిస్టినా నేల చూసింది. ఆఫీసరమ్మకి అర్థమై గొంతు తగ్గించింది. "అయితే లేట్ ఆనంద్ పాల్ అని రాస్తానండీ."

"రాయండమ్మా. లేటే. లేటైనా వస్తాడు" అన్నాడు సాల్మన్.

పెన్ను ఆగిపోయింది. "ఏవండీ, పోయినవాళ్లకే అలా రాస్తామండీ. ఆయన ఉంటే ఆయనే వచ్చి సంతకం పెట్టాలి. లేరంటే డెత్ సర్టిఫికెట్ జతచేసి మీరు పెట్టచ్చు. రేపటితో గడువు అయిపోద్దండీ. తర్వాత సీటు ఉంచరు."

ఆ సర్టిఫికెట్ దేవకుమారి పెట్టెలో అడుగున ఉంది. వరద తర్వాత సర్కారు ఇచ్చింది. సాల్మన్ ఎదుట దాన్ని ఎవరూ ఎప్పుడూ బయటికి తియ్యలేదు. అతను లేచి, తుండు దులుపుకుని, బయటికి నడిచాడు.

బస్సు దిగి గట్టు వెంట నడుస్తున్నారు. వరద తీసినా రోడ్డు పక్క పొలాల్లో నీళ్లు ఇంకా ఉన్నాయి. కరెంటు స్తంభాల మొదట్లో గుర్రపుడెక్క చిక్కుకుని ఎండిపోతోంది.

"ఆ హర్ష బతుకు విన్నావు గదా" అన్నాడు సాల్మన్. "అప్పు తీరేసరికి నీకెన్నేళ్లొస్తాయి?"

"ముప్పై. నేనూ లెక్క వేశాను తాతయ్యా. ఎటు తిప్పి వేసినా నష్టమే. నర్సింగ్‌కైతే ముందు తీరిపోతుంది."

"మరెందుకే?"

"ఏలూరు స్టేషన్ గోడకి ఫొటోలు అంటిస్తారు చూడు, గుర్తు తెలియని శవం అని. ఆ దారిన ఎప్పుడెళ్లినా ఆగి ఒక్కొక్కటీ చూస్తాను. వాళ్లెవరో, వాళ్లకి ఏం జరిగిందో వెతికే పని కూడా ఉంటుందంట ఈ చదువుకి. ఉద్యోగం వెంటనే దొరకదంట. దొరికేదాకా నేనూ కెమెరాలే చూస్తాను."

సాల్మన్ నడుస్తూనే ఉన్నాడు.

"ఇంకోటి" అంది క్రిస్టినా. "నర్సింగ్ చదివితే ఇక్కడే ఉండాలి. ఇక్కడ నేనుండలేను. నాక్కూడా వినిపిస్తుంది."

సాల్మన్ ఆగిపోయాడు. తనకి వినిపిస్తుందని అతను ఎవరికీ చెప్పలేదు.

"ఏమని?"

"పాపా అని. ఒక్కసారే. నా పేరు తెలియదు గదా."

గట్టుకి అటూ ఇటూ నీళ్లే. గాలి లేదు. దూరంగా ఎవరో ఎవర్నో పిలిచారు, వెంటనే రెండోసారి పిలిచారు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"నువ్వేం చేస్తావు?" అన్నాడు సాల్మన్.

"చెరువు మీద నువ్వు ఆగిపోయినట్టే. రెండోది వస్తుందేమో అని నిలబడతాను."

ఆ రాత్రి సాల్మన్ అన్నం ముద్ద నోట పెట్టుకుని మనవరాలి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆ పిల్ల కూర్చున్న తీరు, వినడానికి మెడ కాస్త పక్కకి వంచిన తీరు, అచ్చం తనలాగే ఉన్నాయి. అప్పు ఆ పిల్లకి ముప్పై వచ్చేసరికి తీరుతుంది. ఈ ఎదురుచూపు తనకి డెబ్బై దాటినా తీరలేదు.

తెల్లారి సంచులు దోనెలో వేసుకుని చెరువులోకి వెళ్లాడు. ఒక్కో కర్రకీ కట్టుకుంటూ చివరి దానికి వచ్చేసరికి గాలి పడిపోయింది.

"నాన్నా."

సాల్మన్ ముడి వదిలేసి అటు తిరిగాడు.

"ఏరా" అన్నాడు. "దాని పేరు క్రిస్టినారా. చదువుకోడానికెళ్తంది. దాన్ని పిలవకు."

కట్టని సంచి నీళ్లలో మునిగింది. చేపలు దాని చుట్టూ మూగాయి. సాల్మన్ గెడ వేసి దోనెని ఒడ్డు వైపు తిప్పాడు. వెనక నుంచి వినిపించింది.

"నాన్నా."

రెండోసారి.

సాల్మన్ గెడ ఆపాడు. ఇన్నేళ్లు దానికోసమే ఆగాడు. ఒడ్డున క్రిస్టినా సంచీ భుజాన వేసుకుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని అతని కోసం చూస్తోంది. సాల్మన్ వెనక్కి చూడకుండా గెడ వేశాడు.

దేవకుమారి చేత పెట్టె తీయించి ఆ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని, దొరికిన బస్సుకే మనవరాలితో ఏలూరు వెళ్లాడు. బ్యాంకులో నిన్నటి కుర్చీలోనే కూర్చున్నాడు.

"సాల్మన్‌గారూ" అని ఒక్కసారే పిలిచారు.

"ఉన్నానండీ" అని లేచాడు.