మూత రాని జాడీ

పిల్లలూ, మీరుండే చోట తొక్కు పచ్చడి గాజు సీసాలో దొరుకుతుంది. తిప్పితే చాలు, మూత ఎవరికైనా వస్తుంది. అందుకేనేమో ఈ జాడీ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడో చెప్పాల్సింది.

చిక్కడపల్లిలో, గ్రంథాలయం వెనక సందులో, గోవర్ధన్ గారిల్లు. కూతురు రాగిణి అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పిల్లలకు ఎకానమీ చెప్పేది. ఎనిమిదింటికి మొదటి బ్యాచ్. ఏడున్నరకల్లా తల్లి మనోరమ టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టి, ఒక మూలన మామిడికాయ తొక్కు వేసి మూసేది.

ఆ తొక్కు మనోరమ అత్తగారు కాచిగూడ నుంచి తెచ్చిన పింగాణీ జాడీలో ఉండేది. నెలలో మూడు రోజులు దాని మూత ఆడవాళ్ళకు వచ్చేది కాదు. ఎవరి రోజుల్లో వాళ్ళకు. కొంగు చుట్టి లాగినా కదిలేది కాదు. నాలుగో రోజు తలస్నానం చేసి వస్తే ఒక్క వేలితో ఎత్తినా వచ్చేది. గోవర్ధన్ గారికి మాత్రం ఏ రోజైనా వచ్చేది. పేపరు మీద నుంచి కళ్ళు తిప్పకుండానే తీసి ఇచ్చేవారు. రాగిణి కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ మూత మనోరమకు అడ్డు చెప్పలేదనీ, ఆ ఏడు తొక్కు దీపావళికే ఖాళీ అయిందనీ సందులో చెప్పుకుని నవ్వేవారు.

రెండు వేల పదకొండులో, బోనాలకు ముందు ఒక పొద్దున, మనోరమకు మూత రాలేదు. అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్ళు. రోజులు ఆగిపోయి ఐదేళ్ళయింది.

"బిడ్డా, జర ఈ మూత తియ్యి. చేతుల్ల సత్తువ లేదు."

"ఏందమ్మా, ఈ వయసుల మళ్ళ పడుచుపిల్లవైతున్నవా?" అంది రాగిణి. నవ్వుతూనే మూత తీసిచ్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అప్పుడప్పుడూ కనబడుతున్న మరకను వేడి అనుకుని మనోరమ సబ్జా నీళ్ళు తాగింది. దేవుడి గదిలోకి వెళ్ళడం మానేసింది. దీపం పెట్టమని భర్తకు చెప్పింది. మైల అని జరిగి కూర్చోవడం తెలుసు గానీ, జబ్బేమో అని అడగడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తన మూడు రోజులు తప్ప రాగిణి రోజూ మూత తీసిచ్చేది. సాయం చేస్తున్నాననే అనుకుంది.

మార్చిలో మనోరమ వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. నారాయణగూడలో చూసిన డాక్టరమ్మ గర్భసంచిలో క్యాన్సర్ అనీ, వచ్చే వారమే ఆపరేషన్ చేద్దామనీ చెప్పింది.

ఇంటికొచ్చాక మనోరమ మంచం అంచున కూర్చుంది. "ఆ దవాఖానల లిఫ్టు నడిపేటోడు మన సందోడే. ఏమైందమ్మా అంటే ఏం చెప్పాలె? కాలు విరిగిందనాల్నా? నేనక్కడ చేయించుకోను."

సింగపూర్‌లో ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు రాజశేఖర్ ఫోన్‌లో, "ఇక్కడికి రా అక్కా, మంచిగ చూస్తరు. ఎవ్వరికి తెల్వది," అన్నాడు. ఆ చివరి మాట ఇంట్లో అందరికీ మందులా పనిచేసింది. మనోరమకు పాస్‌పోర్టు లేదు. రాగిణి ఫారం నింపింది. పోలీసు ఎంక్వైరీకని, వీసాకని రెండున్నర నెలలు పోయాయి.

సందులో మాత్రం సింగపూర్ చూడబోతున్నామని చెప్పారు. ఎదురింటి సుబ్బలక్ష్మి సంబరపడి, "తలనొప్పి తైలం అక్కడ మంచిగుంటదంట. నాకు నాలుగు సీసాలు తే," అంది.

సింగపూర్ ఆసుపత్రిలో డాక్టరు ఇంగ్లీషులో అడిగాడు. రాగిణి తల్లి వైపు తిరిగి తెలుగులో అడిగింది. "ఎప్పటిసంది అగుపడుతుందమ్మా?"

మనోరమ కిటికీ వైపు చూసింది. "మొన్న మొన్ననే అని చెప్పు."

"అబద్ధం చెప్తే మందు సరిగ ఇయ్యరమ్మా."

మనోరమ కిటికీ నుంచి చూపు తిప్పుకుంది. "జాడీ మూత నాకు రాకుంటయినప్పటిసంది," అంది మెల్లగా. "నువ్వు తీసిస్తుంటివి చూడు, అప్పటిసంది."

పోయిన బోనాల నుంచి ఈ జూన్ దాకా. రాగిణి తన కుడి చేతిని ఒళ్ళో దాచుకుని, పదకొండు నెలలని డాక్టరుకు చెప్పింది. ఆయన రాసుకున్నాడు. మొదట్లోనే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదని, ఇప్పుడు బయటికి పాకిందని, ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మాట రాగిణి తల్లికి తెలుగులో చెప్పలేదు.

ఆపరేషన్ చేశారు. రేడియేషన్ కరెంటు పెట్టారు. తిరిగొచ్చే రోజు నడవడానికి గోడ పట్టుకుంటూ మనోరమ అడిగింది ఒక్కటే: "తైలం కొన్నవా? మర్చిపోతే సుబ్బలక్ష్మి పసిగడుతది."

చిక్కడపల్లిలో సీసాలు పంచింది. ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు ఒక కరపత్రంలో బొమ్మలు చూసిన పక్షుల పార్కు గురించి, చూసొచ్చినట్టే చెప్పింది. "బాగ తిరిగినట్టున్నవ్, సగమైనవ్," అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్ళు. మరుసటి ఏడు మార్కెట్లో మామిడికాయ దిగకముందే మనోరమ పోయింది.

పదకొండో రోజున సుబ్బలక్ష్మి వంటింట్లోకి వచ్చి రాగిణి పక్కన కూలబడింది. "ఇప్పుడే మీ నాయన చెప్పిండు. నాక్కూడ ఇదే జబ్బు ఉండె. ఏడేండ్ల కింద ఇక్కడే నారాయణగూడల తీయించుకున్న. చెల్లె కాన్పుకు పోతున్నని అందరికి చెప్పిన. మీ అమ్మ ఒక్క మాట అంటే నేనే ఎంబడి పోతుంటి గదనే."

రాగిణికి జ్ఞాపకం వచ్చింది. ఆ లేని పసిబిడ్డకు అమ్మ ఉన్ని టోపీ అల్లి పంపింది.

ఆ వేసవిలో రాగిణే తొక్కు పెట్టింది. ఆ తర్వాతి ఏడూ పెట్టింది. అది రాష్ట్రం వచ్చిన ఏడు. ఒక పొద్దున, ఇంట్లో పనిచేసే పెంటమ్మ గిన్నెలు తోమి, అన్నం పెట్టుకుని జాడీ దగ్గర కూర్చుంది. పెంటమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి.

"రాగిణమ్మా, జర ఈ మూత తియ్యరాదు. నాకు వస్తలేదు."

రాగిణి చెయ్యి అలవాటుగా జాడీ మీదికి పోయింది. మూత అంచు తగిలింది. తీస్తే వచ్చేస్తుందని వేళ్ళకు తెలుస్తూనే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎన్ని దినాలసంది?"

"నిన్నటిసంది. ఉత్తగనే అడిగిన తీ, పప్పుతోని తింట."

"తిని చీర మార్చుకో. డాక్టరమ్మ కాడికి పోతున్నం."

కోచింగ్ సెంటర్‌కు రానని ఫోన్ చేసింది. సందు మొదట్లో ఆటో మాట్లాడుతుంటే సుబ్బలక్ష్మి గేటు దగ్గరికొచ్చింది. "ఇద్దరు కలిసి ఎక్కడికే పొద్దుగాలనే?"

పెంటమ్మ రాగిణి మోచేయి గిల్లింది. "గుడికని చెప్పమ్మా," అంది గొంతు తగ్గించి.

రాగిణికి తలనొప్పి తైలం వాసన వచ్చింది.

"పెంటమ్మ మాట, ఆమెనే చెప్పాలె," అని పెంటమ్మ వైపు చూసింది. "కానీ మా అమ్మ సంగతి అందరి ముంగట నేను చెప్త ఆంటీ, మీకెరుకే. మా అమ్మ సింగపూర్ చూడనీకె పోలే. గర్భసంచి క్యాన్సర్‌కు పోయింది. ఆలస్యం చేసి పోయింది."

మాట సందంతా వినబడింది. ఆటో అతను అద్దం సర్దుకున్నాడు. పెంటమ్మ తల వంచుకుని కొంగు మెలితిప్పుతూ అంది: "నాకు మళ్ళ అగుపడుతున్నదమ్మా. డాక్టర్ కాడికే పోతున్నం."

సుబ్బలక్ష్మి గేటు మూసింది. "ఆగున్రి. చెప్పులేసుకొని వస్త."

పెంటమ్మ జబ్బు ఇంకా బియ్యపు గింజంతే ఉందట. అక్కడే, నారాయణగూడలోనే తీసేశారు. రెండు నెలల తర్వాత ఆమె పనిలోకి వచ్చి, అన్నం పెట్టుకుని, ఒక్క వేలితో మూత ఎత్తి, కావలసినంత తొక్కు వేసుకుంది. రాగిణి పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చింది.

పిల్లలూ, ఈ సంగతి మీ తర్వాత వాళ్ళకు చెప్పండి. మూత రాలేదని ఎవరైనా అంటే, తీసిచ్చేసి వెళ్ళిపోవద్దనీ, ఎప్పటి నుంచి రాలేదో కూర్చుని అడగమనీ చెప్పండి. మగపిల్లలుంటే వాళ్ళకే ముందు చెప్పండి. ఆ మూత ఏ రోజైనా వచ్చేది వాళ్ళకే.